చీటీ లేని పురుగు

మొన్న సెమ్ బ్రేక్‌లో ఇంటికి పోయినప్పుడు నేనొక కొత్త జీవిని కనిపెట్టేశాననుకున్నా. నవ్వకండి, మొత్తం చదివాక నవ్వండి.

మాది ఐరాల మండలం. ఐరాల అంటే మన క్లాసులో ఎవరికీ తెలీదు, కాణిపాకం అంటే అందరికీ తెలుసు. ఆ కాణిపాకం ఉండేది మా మండలంలోనే. మా మామిడితోట అంచున పాత రాళ్ళ గెనిమ ఒకటుంది. దాన్ని జేసీబీతో చదును చేసి ఇంకో రెండు వరసలు మొక్కలు నాటాలని మా నాయన ఆలోచన. ఆ రాళ్ళు పక్కకి తీస్తుంటే ఒక రాయి కింద తడి మట్టిలో బూడిదరంగు పురుగులు కనిపించాయి. గోరంత కూడా లేవు. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోయాయి. ఫోటో తీసి యాప్‌లో పెడితే వుడ్‌లౌస్ అని చెప్పింది గానీ, ఏ జాతో చెప్పలేక చేతులెత్తేసింది. యాప్‌కే తెలీదంటే కొత్తదే అయ్యుంటుందని నాకు రెక్కలొచ్చేశాయి.

ఆ రాత్రంతా చదివాను. ఇది అసలు పురుగే కాదు, రొయ్యలకీ పీతలకీ చుట్టం. నీళ్ళు వదిలి నేల మీదకొచ్చి స్థిరపడిన కుటుంబం. ఏడు జతల కాళ్ళు. కడుపు కింద మొప్పల్లాంటి రేకులతో ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తేమ లేకపోతే బతకలేదు. తల్లి గుడ్లని కడుపు కింద సంచిలో మోస్తుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా 3,500కి పైగా రకాలకి పేర్లు పెట్టారు.

మరుసటి రోజు అయిదింటిని ఖాళీ సీసాలో వేసుకుని, తిరుపతిలో జువాలజీ చెప్పే ఒక మేడమ్ దగ్గరికి బస్సెక్కాను. చేరేసరికి అయిదూ ఎండి చచ్చిపోయాయి. మేడమ్ తిట్టలేదు. ఎక్కడ దొరికాయి, ఏ రోజు, దేని కింద, ఎవరు పట్టారు అని వరసగా అడిగారు. నేను నోటితో చెప్పబోతే ఆపి, అది సీసాలో చీటీ మీద ఉండాలన్నారు. పైగా వీటిలో చాలా జాతుల్ని వీపు చూసి గుర్తుపట్టలేమట. మగదాని కడుపు కిందుండే రేకుల ఆకారాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి. చూసి, ఇంతకుముందు వర్ణించిన దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి. దేనితోనూ కలవకపోతేనే కొత్తది. నా ముఖం చూసి జాలేసినట్టుంది, బెడ్డోమ్ గురించి చదువుకో పో అన్నారు. తిరుమల కొండల బంగారు బల్లిని మొదట సైన్సు పుస్తకంలోకి ఎక్కించింది ఆయనేనట.

రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1830 మే 11న లండన్‌లో పుట్టారు. తండ్రి లాయరు. కొడుకునీ లాయరుని చేయాలనుకున్నారు. ఈయన మాత్రం 1848లో, 18 ఏళ్ళకే, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి ఇండియాకి వచ్చేశారు. అంటే మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌లో బ్రాంచ్ తేల్చుకోలేక జుట్టు పీక్కునే వయసన్నమాట. ఆయనా బ్రాంచ్ మారారు. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి అడవుల శాఖ ఏర్పడి, క్లెగార్న్ అనే డాక్టరు దానికి అధిపతి అయ్యారు. ఆ తర్వాత కొద్దికాలానికే బెడ్డోమ్ ఆయన కింద చేరారు. తర్వాత తానే అధిపతై 1882 దాకా ఆ శాఖలో ఉన్నారు.

ఆ శాఖ ఎందుకు పెట్టారో కూడా చెప్పుకోవాలి. అదే 1856లో మద్రాసు నుంచి ఆర్కాటు వైపు దక్షిణాదిలో తొలి రైలు నడిచింది. పట్టాల కింద వేయడానికి దుంగలు కావాలి, ఇంజన్లకి కట్టెలు కావాలి. ఏ కొండ మీద ఏ మాను ఉందో లెక్క తేల్చడం ఈయన ఉద్యోగం. ఆయన దిగిపోయిన 1882లోనే మద్రాసు అడవి చట్టం వచ్చింది. తరతరాలుగా అడవిలో పశువుల్ని మేపుకుని, కట్టెలు తెచ్చుకున్న ఊళ్ళకి గీత గీసిన చట్టం అది. కాబట్టి ఈయన్ని దేవుణ్ణి చేయాలని నాకు లేదు.

కానీ లెక్క కోసం ఎక్కిన కొండ మీద ఆయన చెట్లతో ఆగిపోలేదు. దక్షిణ భారతంలోని వృక్షాల మీద 1869 నుంచి 1873 దాకా బొమ్మలతో పెద్ద పుస్తకం తెచ్చారు. ఫెర్న్ మొక్కల మీద వేరే పుస్తకాలు రాశారు. రాళ్ళు ఎత్తి చూశారు, మట్టి తవ్వి చూశారు. పాములు, బల్లులు, కప్పల్లో డజన్ల కొద్దీ కొత్త జాతుల్ని వర్ణించారు. వాటిలో ఆయనకి ప్రత్యేకమైనవి మట్టిలోనే బతికే చిన్న పాములు. కోసు తల, నరికేసినట్టుండే మొండి తోక. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. పొట్ట కింద పొలుసులెన్ని, ఒంటి చుట్టూ ఎన్ని వరసలు, తోక చివరి డాలు ఎలా ఉంది అని లెక్కపెడితేనే తేడా తెలుస్తుంది. 1886లో వాటన్నిటి మీదా కలిపి ఒక వ్యాసం రాశారు. అప్పటికే రిటైరైపోయారు కూడా.

ఇక మన బంగారు బల్లి. 1870లో మద్రాసు నుంచి వచ్చే ఒక వైద్య మాసపత్రికలో దాని వర్ణన వేశారు. బల్లి గురించి డాక్టర్ల పత్రికలో! దొరికిన చోటు ఉత్తర ఆర్కాటు జిల్లా తిరుపతి కొండలు అని రాశారు. అప్పట్లో మనమంతా ఉత్తర ఆర్కాటే, దానికి ముఖ్యపట్టణం చిత్తూరు. తర్వాత వందేళ్ళకు పైగా ఆ బల్లి సైన్సు కళ్ళకి మళ్ళీ కనిపించలేదు. 1980ల మధ్యలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు తూర్పు కనుమల్లో మళ్ళీ చూశారు. 1870లోనే ఆయన తూర్పు కనుమల నుంచి ఇంకో జీవినీ వర్ణించారు. ఒళ్ళంతా చుక్కలతో, పాములా సాగి, మట్టిలో తిరిగే నలికండ్ల పాము. పేరుకే పాము, నిజానికి బల్లి కుటుంబం. అదీ అంతే, మళ్ళీ సజీవంగా దొరికింది ఈ శతాబ్దంలోనే.

నాకు ఇక్కడే బుర్ర తిరిగింది. వందేళ్ళ తర్వాత దొరికిన బల్లి పాతదే అని ఎలా తెలిసింది? ఆయన వర్ణన అచ్చులో ఉంది, సేకరించిన జీవులు లండన్ మ్యూజియంలో ఉన్నాయి, చోటు పేరు రాసి ఉంది కాబట్టి. ఆ చోటు పేర్లు కొన్నిసార్లు మరీ పైపైన ఉంటాయని ఇప్పటి పరిశోధకులు తలపట్టుకుంటారు, అది వేరే సంగతి. ఇంకో లోటు కూడా ఉంది. ప్రతి జాతి పేరు వెనకా బెడ్డోమ్ అని, సంవత్సరం ఉంటాయి. ఆ కొండల్లో దారి తెలిసిన మనవాళ్ళ పేర్లకి అందులో చోటు లేదు.

ఇంగ్లండ్‌కి తిరిగెళ్ళాక కూడా ఊరుకోలేదు. 1891లో మన వైపు నేలనత్తల మీద రాశారు. తిరుమల, కడప కొండల్లో పెరిగే, ఈతచెట్టును తలపించే అరుదైన సైకస్ మొక్కకి 1883లో ఇంకో శాస్త్రవేత్త బెడ్డోమ్ పేరే పెట్టారు. లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదది. 1911 ఫిబ్రవరి 23న లండన్‌లో ఆయన పోయారు. దాదాపు అయిదు వారాలకి, ఏప్రిల్ 1న, చిత్తూరు జిల్లా పుట్టింది.

సెలవులు అయిపోయే ముందు మళ్ళీ ఇంటికి పోయి, జేసీబీని ఒక వారం ఆపమని నాయన్ని అడిగాను. పురుగుల కోసమా అని నవ్వారు, కానీ బాడుగకి వచ్చే అతనికి ఫోన్ చేసి వాయిదా వేశారు. ఈసారి మేడమ్ ఇచ్చిన స్పిరిట్ సీసాలు తీసుకుపోయాను. మగవీ ఆడవీ తేల్చే చూపు నాకు లేదు కాబట్టి, మూడు రాళ్ళ కింద కొన్ని కొన్ని తీసుకున్నా. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఐరాల మండలం, మామిడితోట గెనిమ, రాయి కింద తడి మట్టి, తేదీ, టైము. పట్టినవాళ్ళు అన్న చోట నా పేరు, దాని కింద రాళ్ళు ఎత్తిపెట్టిన నాయన పేరు రాశాను.

సీసాలు మేడమ్ టేబుల్ మీదున్నాయి. అవి కొత్తవి కాకపోవచ్చు, చాలావరకు కావు కూడా. గెనిమ ఇప్పుడు లేదు, అక్కడ మామిడి మొక్కలు నాటేశారు. కానీ అక్కడ ఒకప్పుడు ఎవరుండేవాళ్ళో చెప్పడానికి మూడు చీటీలున్నాయి. మీ ఊళ్ళో కూడా ఏదో ఒక గెనిమ చదునవుతూ ఉంటుంది. ఈసారి ఇంటికి పోతే జేబులో ఒక పెన్సిల్ పెట్టుకుని వెళ్ళండి.