ఓజోన్ గొడుగుని కొలిచిన రామనాథన్ గారు

రామన్ మనందరికీ తెలుసు, రామానుజన్ కూడా తెలుసు. రామనాథన్ అంటే మాత్రం మన క్లాసులో సగం మంది ఎవరాయన అంటారు. వాతావరణ శాస్త్రంలో ఆయనది చాలా పెద్ద పేరు. పూర్తి పేరు కల్పాత్తి రామకృష్ణ రామనాథన్. మన నెత్తి మీది ఓజోన్ పొరని ఏళ్ల తరబడి ఓపిగ్గా కొలిచిన మనిషి. అందుకే ఈ సంచికకి ఆయన గురించి రాస్తానని నేనే అడిగి తీసుకున్నా.

1893 ఫిబ్రవరి 28న పాలక్కాడ్ దగ్గర కల్పాత్తిలో పుట్టారు. తిరువనంతపురంలో కాలేజీ ఉద్యోగం చేసి, 1921లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. మన విశాఖపట్నంలో స్కూలు చదువు చదివిన రామన్ గారే. 1923లో నీళ్లలో చెదిరే కాంతిని పరిశీలిస్తుంటే రామనాథన్ గారికి ఒక మందమైన వింత వెలుగు కనబడింది. నీళ్లలో మలినం ఉందేమోనని ఎన్నిసార్లు శుద్ధి చేసినా అది పోలేదు. ఐదేళ్ల తర్వాత తేలిన రామన్ ఎఫెక్ట్‌కి అది తొలి జాడ. ఆ ఎఫెక్ట్ పేరుతో మనం సైన్స్ డే జరుపుకునే ఫిబ్రవరి 28 ఈయన పుట్టినరోజు కూడా!

1925లో వాతావరణ శాఖలో చేరారు. పైకి వదిలిన బెలూన్లు తెచ్చిన లెక్కలన్నీ కూర్చి, 1929లో ఒక విషయం చెప్పారు. భూమి మీది గాలిలో అత్యంత చల్లని భాగం ధ్రువాల పైన లేదు, భూమధ్యరేఖ పైన దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఎండలు మండే మన వైపే అంత చలి!

ఆ చలికి పైన ఉండేదే ఓజోన్. సూర్యుడి నుంచి వచ్చే బలమైన అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువుని రెండు ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్క ఇంకో ఆక్సిజన్ అణువుని పట్టుకుంటే ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ మళ్లీ యూవీని మింగి విడిపోతుంది, మళ్లీ కలుస్తుంది. ఈ చక్రం తిరుగుతున్నంతసేపూ ప్రమాదకరమైన యూవీలో చాలా భాగం కిందికి రాదు. ఇంతా చేసి పైనున్న ఓజోన్ మొత్తాన్నీ నేల మీదికి తెచ్చి పరిస్తే మందం సుమారు 3 మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత.

మాది అన్నవరం. మే నెలలో రత్నగిరి మెట్లెక్కేవాళ్లకి ఎండ గురించి చెప్పక్కర్లేదు. కాకపోతే కాళ్లకి తెలిసేది వేడి. చర్మాన్నీ కళ్లనీ దెబ్బతీసే యూవీ మాత్రం తెలియదు. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది మన ఉష్ణమండలం పైనే అయినా, పై గాలులు దాన్ని ధ్రువాల వైపు మోసుకుపోతాయి. చల్లని దేశాలతో పోలిస్తే మన పొర పల్చన, పైగా సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అంటే రామనాథన్ గారు కొలిచింది మన గొడుగునే.

1948లో వాతావరణ శాఖ నుంచి రిటైరయ్యారు. అప్పటికి 55 ఏళ్లు. అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో ఆయన అహ్మదాబాద్ వెళ్లి, విక్రమ్ సారాభాయ్ పెట్టిన ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి మొదటి డైరెక్టర్ అయ్యారు. 1966 దాకా అక్కడే. అక్కడా, మౌంట్ ఆబూలోనూ డాబ్సన్ మీటర్లతో కొలతలు సాగాయి. ఓజోన్ బాగా మింగే ఒక యూవీ రంగునీ, అంతగా మింగని ఇంకో రంగునీ పోల్చి, పైన ఎంత ఓజోన్ ఉందో ఆ మీటరు చెబుతుంది. ఏ ఎత్తులో ఎంత ఉందో తెలియాలంటే ఇంకా కష్టపడాలి. సూర్యుడు వాలుతున్నప్పుడు ఆ రెండు రంగుల నిష్పత్తి మారుతూ మారుతూ ఒకచోట వెనక్కి తిరుగుతుంది. ఆ మలుపుని బట్టి లెక్క కట్టే పద్ధతిని 1957లో దవేతో కలిసి ప్రచురించారు. ఔట్‌పుట్ చూసి లోపలి కోడ్ ఊహించడం లాంటి పని, అదీ మన ల్యాబుల్లోలాంటి కంప్యూటర్లు లేని రోజుల్లో.

1960 నుంచి 1967 దాకా అంతర్జాతీయ ఓజోన్ కమిషన్‌కి అధ్యక్షులు. 1976లో పద్మవిభూషణ్. 1984 డిసెంబర్ 31న కన్నుమూశారు.

తర్వాత ఐదు నెలలు నిండకుండానే, 1985 మే నెలలో, అంటార్కిటికా పైన ఓజోన్ పొరకి చిల్లు పడుతోందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్రిజ్‌లూ, స్ప్రే డబ్బాల నుంచి వెళ్లిన సీఎఫ్‌సీల్లోని క్లోరిన్ పైన ఓజోన్‌ని వేలకొద్దీ అణువుల చొప్పున విరగ్గొడుతోంది. ఉపగ్రహాలు తిరుగుతున్న కాలంలోనూ ఆ కబురు తెచ్చింది నేల మీద 1950ల నుంచి సాగుతున్న డాబ్సన్ కొలతలే. పాత అంకెలు లేకపోతే ఎంత తగ్గిందని ఎవరు చెప్పగలరు? రెండేళ్లకి, 1987లో, మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. 1992లో మన దేశమూ చేరింది. ఇప్పుడు పొర నెమ్మదిగా కోలుకుంటోంది.

రామనాథన్ గారు ఇవేవీ చూడలేదు. దేనికి పనికొస్తుందో తెలియని రోజుల్లోనే ఆ అంకెలు రాసుకుంటూ పోయారు. మనం ప్రాజెక్టు కోసం ఒక్క క్లిక్కుతో డేటాసెట్ దింపేస్తాం, ఒక వరుస ఖాళీగా ఉంటే తిట్టుకుంటాం. ఈసారి పాత వాతావరణ డేటా తెరిస్తే 1950ల వరుసల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒక్కో అంకె వెనుక ఆ రోజు ఎండలో నిలబడి మీటరు తిప్పిన ఒక మనిషి ఉన్నాడు.