నోటి క్యాన్సర్‌కు కారణం వెతికిన పాథాలజిస్టు.. డాక్టర్ ఖానోల్కర్ జీవితం

నోట్లో పుండు ఎంతకీ మానడం లేదని ఆసుపత్రికి వెళితే డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తారు. రిపోర్టు వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకు ఉండదు. ఆ ముక్కను చూసి ఇది క్యాన్సరా కాదా అని తేల్చేది పాథాలజిస్టు. రోగికి ఆయన ముఖం కూడా తెలియదు. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ వసంత్ రామ్‌జీ ఖానోల్కర్. ఆయన ముంబైలో పని చేశారు. అయినా ఆయన కనిపెట్టిన విషయాల్లో ఒకటి మన తెలుగు తీరానిది, ఇంకొకటి మందమర్రి లాంటి బొగ్గుగని ఊళ్లలో ప్రతి ఇంటికీ పనికొచ్చేది.

గని ఊరికి సంబంధం ఏమిటంటారా? భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. లోపల మీథేన్ గ్యాస్ ఉంటుంది కాబట్టి ఒక్క నిప్పురవ్వ చాలు, ఎన్నో ప్రాణాలు పోతాయి. ఆ నిబంధన మంచిదే. కానీ షిఫ్టు మొత్తం పొగ లేకుండా ఉండలేనివాళ్లలో కొందరు తంబాకు, ఖైనీ, గుట్కా దవడకు పెట్టుకోవడం మొదలుపెడతారు. పొగ లేదు కదా, ఏం కాదులే అనుకుంటారు. అది ఎంత తప్పు లెక్కో ఖానోల్కర్ 80 ఏళ్ల కిందటే చూపించారు.

లండన్ చదువు, ముంబైలో పాఠాలు

ఖానోల్కర్ 1895 ఏప్రిల్ 13న పుట్టారు. వైద్య విద్య కోసం లండన్ వెళ్లి, 1923లో లండన్ యూనివర్సిటీ నుంచి పాథాలజీలో ఎం.డి. పట్టా తీసుకున్నారు. అప్పట్లో విదేశాల్లో చదివిన డాక్టర్లు ఎక్కువగా ప్రాక్టీసు పెట్టుకునేవాళ్లు. పేరు, డబ్బు రెండూ అందులోనే ఉండేవి. ఖానోల్కర్ మాత్రం మైక్రోస్కోపు ముందు కూర్చునే పనినీ, పాఠాలు చెప్పే పనినీ ఎంచుకున్నారు.

ముంబైలో గ్రాంట్ మెడికల్ కాలేజీలో, తర్వాత సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ మెడికల్ కాలేజీలో ఆయన పాథాలజీ బోధించారు. ఈ రెండో కాలేజీకి ఒక ప్రత్యేకత ఉంది. 1926లో మొదలైన ఈ కాలేజీకి డబ్బు ఇచ్చిన కుటుంబం ఒక షరతు పెట్టింది. ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్లంతా అర్హత ఉన్న భారతీయులే కావాలి. పెద్ద పోస్టులన్నీ తెల్లవాళ్ల చేతుల్లో ఉన్న కాలం అది. మనవాళ్లు బోధనకు, పరిశోధనకు పనికిరారన్న మాటకు ఆ కాలేజీ ఒక జవాబుగా నిలిచింది. ఆ జవాబు ఇచ్చినవాళ్లలో ఖానోల్కర్ ఒకరు.

పాథాలజీ అంటే వైద్య విద్యలో చాలామంది పిల్లలు భయపడే సబ్జెక్టు. రోగి శరీరం నుంచి తీసిన ముక్కను ముందు ఫార్మలిన్‌లో నానబెడతారు. తర్వాత మైనంలో గట్టిపరిచి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చగా కోసి, గాజు పలక మీద పెట్టి రంగు వేస్తారు. అప్పుడు కణాల కేంద్రాలు నీలంగా, మిగతా భాగం గులాబీ రంగులో కనిపిస్తాయి. మంచి కణం ఎట్లా ఉంటుందో, చెడిన కణం ఎట్లా ఉంటుందో వేల స్లైడులు చూస్తేగాని కన్ను కుదరదు. పుస్తకం చదివినంత మాత్రాన రాదు, పక్కన కూర్చోబెట్టి చూపించే గురువు కావాలి.

టాటా ఆసుపత్రిలో కొత్త లెక్క

1941 ఫిబ్రవరి 28న ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరిచారు. దాని ప్రయోగశాలల బాధ్యతను ఖానోల్కర్‌కు అప్పగించారు. ఆ రోజుల్లో ఒక నమ్మకం బలంగా ఉండేది. క్యాన్సర్ యూరప్, అమెరికా జబ్బు, ఇండియాలో అరుదు అని. 1930లలో విశ్వనాథ్, గ్రేవాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆసుపత్రుల రికార్డులు వెతికి అది నిజం కాదని చెప్పారు. మన దగ్గర క్యాన్సర్ ఉంది, పరీక్ష చేసేవాళ్లే తక్కువ.

ఖానోల్కర్ ఇంకో మెట్టు ఎక్కారు. ఉంటే ఉంది, కానీ ఇక్కడ ఎక్కువగా నోటిలోనే ఎందుకు వస్తోంది? 1944లో ఆయన వరుసగా వచ్చిన 1,000 మంది నోటి క్యాన్సర్ రోగుల వివరాలను ఒకచోట చేర్చి అమెరికా నుంచి వచ్చే క్యాన్సర్ పరిశోధన పత్రికలో ప్రచురించారు. ఇట్లాంటి లెక్కకు ముక్క చూస్తే చాలదు. ఆ ముక్క ఎవరిది, ఎక్కడివాళ్లు, నోట్లో ఏ చోట పుండు పడింది, ఏం నములుతారు, ఏం కాలుస్తారు అన్నవీ తెలియాలి.

మరుసటి ఏడాది, 1945లో, ఆయన బి. సూర్యాబాయితో కలిసి రాసిన పరిశోధన వచ్చింది. అలవాట్లకు, క్యాన్సర్‌కు ఉన్న సంబంధం గురించి రాస్తూ ఇండియాలో కనిపించే మూడు రకాలను అందులో వివరించారు. మొదటిది ధోవతి క్యాన్సర్. నడుము దగ్గర ఏళ్ల తరబడి బిగించి కట్టే ముడి వల్ల చర్మం ఒరుసుకుపోయి, మచ్చపడి, అదే చోట వచ్చేది. రెండోది ఖైనీ క్యాన్సర్. తంబాకులో సున్నం కలిపి కింది పెదవికీ చిగురుకూ మధ్య పెట్టుకునేవాళ్లకు సరిగ్గా అక్కడే వచ్చేది. మూడోది చుట్ట క్యాన్సర్. ఇది మన విశాఖ వైపుది.

అడ్డచుట్ట సంగతి

శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను తిరగేసి కాల్చే అలవాటు ఉండేది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకోవడమే అడ్డచుట్ట. ముఖ్యంగా ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి, నీటికి ఆరిపోకుండా చుట్ట ఎక్కువసేపు వస్తుందని అట్లా కాల్చేవాళ్లంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి మీద క్యాన్సర్ ప్రపంచంలో ఎక్కడైనా అరుదే. అక్కడ మాత్రం మామూలైపోయింది.

ఆ తర్వాత విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ పాథాలజిస్టులు ఈ పనిని ముందుకు తీసుకుపోయారు. డాక్టర్ డి. గోవింద రెడ్డి తన సహచరుడితో కలిసి 1957లో కోస్తా ఆంధ్ర అంగిలి క్యాన్సర్ మీద పరిశోధన ప్రచురించారు. 1971లో ఇంకో పెద్ద సర్వే వచ్చింది. డెన్మార్క్ పాథాలజిస్టు పిండ్‌బోర్గ్, ముంబై పరిశోధకుడు ఫలీ మెహతా బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి అడ్డచుట్ట వల్ల అంగిలికి జరిగే నష్టాన్ని నమోదు చేసింది.

ఈ పరిశోధనలన్నిటి వెనక ఉన్న మాట ఒక్కటే. జబ్బు కులంలో లేదు, నెత్తురులో లేదు, తక్దీర్‌లో రాసిపెట్టీ లేదు. దవడకు ఎడమవైపు తంబాకు పెట్టుకునే మనిషికి చాలాసార్లు ఎడమవైపే పుండు లేస్తుంది. అలవాటు ఎక్కడ తగిలితే జబ్బు అక్కడ. అలవాటు మానితే ముప్పు తగ్గుతుంది.

1955లో సంఘ్వీ, రావులతో కలిసి ఖానోల్కర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో పరిశోధన ప్రచురించారు. నమిలేవాళ్లకు, పొగ తాగేవాళ్లకు జబ్బు వచ్చే చోట్లు వేరుగా ఉంటాయని అది చూపించింది. తంబాకు నమిలేవాళ్లకు ముఖ్యంగా దవడల వైపు, బీడీ తాగేవాళ్లకు నాలుక మొదలు, గొంతు వైపు ముప్పు ఎక్కువ. సిగరెట్‌కు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సంబంధం ఉందని లండన్‌లో డాల్, హిల్ 1950లో చూపించారు. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లోనే, మనవాళ్ల బీడీ, ఖైనీల లెక్కను మనవాళ్లే తీశారన్నమాట.

సంస్థలు, శిష్యులు

ఖానోల్కర్ పని క్యాన్సర్‌తో ఆగలేదు. కుష్టు మొదటి దశలో చర్మంలో, నరాల్లో ఏం జరుగుతుందో స్లైడుల మీద చదివి 1951లో నివేదిక ఇచ్చారు. సమాజం వెలివేసిన ఆ రోగుల నరాలను, చర్మాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు అప్పట్లో తక్కువ. దేశంలోని పాథాలజిస్టులను ఒక సంఘంగా చేర్చడంలోనూ ఆయనది ముందు వరుస. అంతర్జాతీయ క్యాన్సర్ నివారణ సంఘానికి అధ్యక్షుడిగా కూడా ఉన్నారు.

1952లో ముంబైలో ఇండియన్ క్యాన్సర్ రీసెర్చ్ సెంటర్ ఏర్పడింది. దాని మొదటి డైరెక్టర్ ఆయనే. ఆయన శిష్యుల్లో అందరికంటే పేరున్నది డాక్టర్ కమల్ రణదివే. ఆయన దగ్గరే పరిశోధన చేసి 1949లో డాక్టరేట్ అందుకున్నారు. ఆడపిల్లలు సైన్స్ వైపు రావడమే అరుదైన కాలంలో ఆమె కణాలను శరీరం బయట పెంచే ప్రయోగశాలను నిలబెట్టారు, తర్వాత ఆ సంస్థ డైరెక్టర్ స్థాయికి ఎదిగారు. కుష్టు రోగి నుంచి తీసిన సూక్ష్మక్రిమిని పెంచడం గురించి 1958లో వచ్చిన పరిశోధన మీద బాపట్, రణదివేల పేర్లతో పాటు గురువు పేరు కూడా ఉంది.

1955లో భారత ప్రభుత్వం ఖానోల్కర్‌కు పద్మభూషణ్ ఇచ్చింది. 1960 నుంచి 1963 వరకు ఆయన ముంబై యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. టాటా ఆసుపత్రి, పరిశోధన సంస్థ రెండూ 1962లో అణుశక్తి శాఖ కిందికి వచ్చి, 1966లో ఒక్కటయ్యాయి. 1978 అక్టోబర్ 29న ఖానోల్కర్ కన్నుమూశారు.

మన ఇళ్లలో ఏం చేయాలి?

ఖానోల్కర్ లెక్కలు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. కానీ తంబాకు ఇంకా మన జేబుల్లోనే ఉంది. దావత్‌లో పాన్ తర్వాత జర్దా, షిఫ్టుకు ముందు ఖైనీ, కాలేజీ కుర్రాడి చేతిలో గుట్కా పొట్లం. పేర్లు మారాయి, దవడ మాత్రం అదే.

నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, కారం తగిలితే భరించలేని మంట.. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. సింగరేణి కుటుంబాలకు ఏరియా ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయంతో పరీక్ష వాయిదా వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదు, ఆలస్యమే అసలు ప్రమాదం. ముందుగా పట్టుకుంటే నోటి క్యాన్సర్ నయమయ్యే అవకాశం ఎక్కువ. ఇంట్లో దాదా, నానా, మామూలెవరైనా తంబాకు పెట్టుకుంటుంటే ఈ ఆదివారం ఒకసారి వెలుతురులో నోరు తెరిపించి చూడండి.