గుర్రమెక్కిన నర్సమ్మ

మన బడిలో చదివి నర్సులమై దేశాలు పట్టిపోయినవాళ్ళం కొందరం ఉన్నాం. సావనీరుకు ఏదైనా రాయమన్నప్పుడు నా ఊసుకన్నా మేరీ బ్రెకిన్‌రిడ్జ్ కథే చెప్పాలనిపించింది. పరాయి దేశంలో, అదీ పల్లెటూరి చిన్న ఆసుపత్రిలో పనిచేసే నాలాంటివాళ్ళకు ఆమె పెద్దమ్మలాంటివారు.

1881లో అమెరికాలో పేరున్న ఇంట పుట్టారు. తాతగారు ఆ దేశానికి ఉపాధ్యక్షుడు. మొదటి భర్త పోయాక న్యూయార్క్‌లో నర్సింగు చదివి 1910లో పూర్తిచేశారు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. 1916లో నెలలు నిండకుండా పుట్టిన కూతురు దక్కలేదు. 1918లో నాలుగేళ్ళ కొడుకూ పోయాడు. ఆ తర్వాత విడాకులు. యుద్ధంలో నలిగిన ఫ్రాన్స్ వెళ్ళి తల్లులకూ పసివాళ్ళకూ సేవచేస్తూ ఆ దుఃఖాన్ని పనిలో పెట్టారనుకుంటాను.

నలభై దాటాక లండన్‌లో పురుళ్ళు పోసే చదువు చదివారు. అప్పట్లో అమెరికా నర్సులకు అది దాదాపు అందని విద్య. స్కాట్లండ్ కొండల్లో, దీవుల్లో నర్సులు ఇంటింటికీ తిరిగే పద్ధతి చూసి, 1925లో దాన్ని కెంటకీ కొండల్లోని లెస్లీ కౌంటీకి తెచ్చారు. అక్కడ సరైన రోడ్లు లేవు. జీనుకు రెండువైపులా వేలాడే సంచుల్లో పురుటి సామాను సర్దుకుని, గుర్రాలమీద వాగులు దాటి వెళ్ళేవారు. 1928లో హైడెన్‌లో చిన్న ఆసుపత్రి వెలిసింది. డబ్బు లేనివాళ్ళు పంటో పనో ఇచ్చి ఫీజు తీర్చేవారు. కాన్పులో తల్లుల మరణాలు దేశం మొత్తంమీదకన్నా అక్కడ బాగా తక్కువ. 1931లో గుర్రంమీంచి పడి ఆమె వెన్ను విరిగింది, అయినా పని ఆపలేదు.

ఒక్కటి మాత్రం దాచకూడదు. తెల్లవాళ్ళు వేరు, నల్లవాళ్ళు వేరు అనే పాత దక్షిణాది భావాలు ఆమెను వదల్లేదు. నా చాయ చూసి ఉద్యోగం ఇచ్చేవారా అంటే నాకు అనుమానమే. అయినా ఆమె పని మీద గౌరవం తగ్గదు.

ఆమె దగ్గరి నర్సుల్లో చాలామంది బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ళు. 1939లో యుద్ధం రాగానే వాళ్ళలో ఎందరో సొంతదేశానికి తిరిగిపోయారు. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టలేం, అక్కడ వాళ్ళ అమ్మానాన్నలున్నారు. కానీ ఇక్కడ నెలలు నిండిన తల్లులున్నారే! బయటివాళ్ళమీద ఆధారపడితే ఇంతేనని, అదే ఏడాది హైడెన్‌లోనే మిడ్‌వైఫరీ బడి పెట్టేశారు. 1965లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆ బడి ఇప్పుడు ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీ.