మాటలను ముడివేసిన వైద్యుడు



మన ఓరుగల్లు సంతలో తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషలు కలిసి వినబడును. ఒకరి భాష ఒకరికి అంతగా రాకున్నను బేరము కుదురును. ఆనాడు రష్యా చక్రవర్తి ఏలుబడిలోనుండిన బియాలిస్టాకు పట్టణమందైతే భాషాభేదము పగగా మారెను. రష్యనులు, పోలండువారు, జర్మనులు, యూదులు ఒకరినొకరు అనుమానించుచుండిరి. అచ్చట 1859 డిశంబరు 15న ఒక యూదుల యింట లూడ్విక్ జామెన్‌హాఫ్ జన్మించెను.

అందరికిని సులభమైన రెండవ భాష యొకటి కావలెనని బాల్యమందే ఆయన తలంచెను. పెద్దవాడై కంటి వైద్యము నేర్చి, 1887లో వార్సా నగరమున ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. అందు 16 నియమములు, సుమారు 900 ధాతువులు ఉండెను. ఆయన పెట్టుకొనిన మారుపేరు ఎస్పెరాంటో, అనగా నిరీక్షించువాడు. అదే ఆ భాషకు పేరాయెను.

వస్తువులకు పేర్లు పెట్టుట తేలిక; తలంపును తలంపుతో ముడివేయుట కష్టము. మనము అన్నయు తమ్ముడును అని మాట చివరను ముడివేయుదుము. ఆయన ముడిని మాటకు ముందుంచెను. మరియు అనుటకు గ్రీకునుండి కాయ్, లేక అనుటకు ఔ, గాని అనుటకు సెద్, ఏలయనగా అనుటకు చార్ అను మాటలు నియమించెను. కాయ్ రెండుమారులు వచ్చిన రెండును, ఔ రెండుమారులు వచ్చిన రెండింటిలో ఒకటి, నెక్ రెండుమారులు వచ్చిన రెండును కావు అని అర్థము.

ఆయన పాత నిబంధనను హెబ్రీనుండి ఎస్పెరాంటోలోనికి తర్జుమాచేసి, యుద్ధకాలమున 1915లో ముగించెను. హెబ్రీలో వావ్ అను ఒక్క అక్షరమే మరియు అనియు, గాని అనియు అర్థమిచ్చును. ఏది తగునో అనువాదకుడే తేల్చవలెను. పరమగీతము 1:5 చూడుడి. అచ్చట నలుపును సౌందర్యమును కలుపునది ఆ వావ్ అక్షరమే. మన తెలుగు బైబిలులో అయినను అని యున్నది. మరియు అని చదివినచో నలుపు లోపము కాదు, సౌందర్యముతోకూడ నిలుచును.

జామెన్‌హాఫ్ 1917 ఏప్రిల్ 14న మరణించెను. ఇతరులు అనువదించిన క్రొత్త నిబంధనతో కూడ ఆయన పని 1926లో ఒక్క బైబిలుగా వెలువడెను. ఆయన ముగ్గురు బిడ్డలను నాజీలు 1940, 1942 సంవత్సరములలో చంపిరి.

పేదవాడైనను నిజాయితీపరుడు అని మనమును పలుకుచుందుము. ఆ ఒక్క అయినను పేదలందరిమీద నింద మోపుచున్నది. పొరుగువానిగూర్చి పలుకునప్పుడు ఏ ముడి వేయుచున్నామో పరీక్షించుకొందము.