అకౌంట్స్‌తో మొదలై నైలాన్ దాకా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఎక్కడ చదివినా, చదివిందొకటి, చేయాలనుకుంటున్నది ఇంకొకటి అని మథనపడుతున్నారా? అయితే వాలెస్ కరోథర్స్ గురించి తెలుసుకోండి.

1896లో అమెరికాలోని అయోవాలో పుట్టిన ఆయన మొదట చదివింది అకౌంట్స్. తర్వాతే కెమిస్ట్రీకి మారారు. టార్కియో కాలేజీలో స్టూడెంట్‌గా ఉండగానే తోటివాళ్లకు పాఠాలు చెప్పారు. 1924లో పీహెచ్‌డీ, ఆపై హార్వర్డ్‌లో ఉద్యోగం. డ్యూపాంట్ కంపెనీ పరిశోధనకు పిలిస్తే, తనకున్న కుంగుబాటు సంగతి చెప్పి ముందు వద్దన్నారు. చివరికి 1928లో చేరారు.

రబ్బరు, పట్టు లాంటివాటి లోపల ఏముందనేది అప్పట్లో పెద్ద గొడవ. చిన్న అణువుల గుంపులేనని కొందరు, పొడవాటి గొలుసులని జర్మనీ శాస్త్రవేత్త స్టాడింగర్. కరోథర్స్ చిన్న అణువులను కలుపుకుంటూ పోయి గొలుసునే తయారుచేసి చూపించారు. 1930లో ఆయన బృందం తీసిన పాలిస్టర్ దారం వేడినీళ్లకే పాడైపోయేది. ఆ పని పక్కన పెట్టి, 1934లో మళ్లీ పట్టుకున్నారు. 1935 ఫిబ్రవరి 28న నైలాన్ తయారైంది. మన నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద కనిపించే పట్టుకు అది గట్టి పోటీదారు.

ఇంజినీరింగ్ వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. బేకలైట్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. నైలాన్ థర్మోప్లాస్టిక్, దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, చల్లారితే గట్టిపడుతుంది. అందుకే గాజు, కార్బన్ ఫైబర్ కలిపిన నైలాన్ కాంపోజిట్ భాగాలను జిగురు, బోల్టులు లేకుండానే వెల్డింగ్ చేయొచ్చు. అతికే చోట కరిగించి, నొక్కిపట్టి చల్లారిస్తే ఇటు గొలుసులు అటు, అటువి ఇటు చొచ్చుకుపోయి పెనవేసుకుంటాయి. వేడి, ఒత్తిడి, సమయం... ఏది తగ్గినా అతుకు బలంగా ఉండదు. నైలాన్ తేమను పీలుస్తుంది కాబట్టి ముందే ఆరబెట్టాలి. లేదంటే అతుకులో బుడగలు వస్తాయి. ఇంటర్వ్యూలో కాంపోజిట్ల ప్రస్తావన వస్తే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇవేవీ ఆయన చూడలేదు. తాను ఇక కొత్తగా ఏమీ చేయలేననే దిగులు ఆయన్ని వదల్లేదు. 41 ఏళ్లు నిండిన రెండు రోజులకే, 1937 ఏప్రిల్ 29న, ప్రాణం తీసుకున్నారు. నైలాన్ మేజోళ్లు అమెరికా అంతటా దుకాణాలకు వచ్చింది 1940లో.

కోర్సు మారడానికి భయపడకండి. ఫలితం రావడానికి టైమ్ పట్టొచ్చు. ఈలోగా మనసు బరువెక్కితే మాత్రం లోపలే దాచుకోకండి. ఇంట్లోవాళ్లకో, ఫ్రెండ్‌కో చెప్పండి. లేదా టెలిమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.