ద్వారం వెంకటస్వామి నాయుడు

ద్వారం వెంకటస్వామి నాయుడు (నవంబరు 8, 1893 - నవంబరు 25, 1964) సుప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు. బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగి, విజయనగరంలో జీవితంలో అధికభాగం గడిపాడు. ఆంధ్రదేశంలో "ఫిడేలు నాయుడు గారు"గా ప్రసిద్ధుడు. గాత్రానికి పక్కవాద్యంగా ఉండిన వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలో స్వతంత్ర కచేరీ వాద్యంగా నిలబెట్టినవారిలో అగ్రగణ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

వెంకటస్వామి నాయుడి తండ్రి వెంకటరాయుడు సైన్యంలో ఉద్యోగి. ఉద్యోగ విరమణ తరువాత ఆ కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ఇంట్లో సంగీత వాతావరణం ఉండేది. అన్నగారు వెంకటకృష్ణయ్య ఆయనకు వయొలిన్‌లో తొలి గురువు. నాయుడికి చిన్నతనం నుండే కంటిచూపు మందగించింది. 

విజయనగరంలో

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ప్రారంభమైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. విద్యార్థిగా చేరే ఉద్దేశంతో అక్కడికి వెళ్ళిన నాయుడి వాదన విని, ఆయనను వయొలిన్ ఆచార్యుడిగానే నియమించారని ప్రతీతి. అప్పటికి ఆయన వయసు 26 సంవత్సరాలు. 1936లో నారాయణదాసు తరువాత ఆ కళాశాల అధ్యక్షుడయ్యాడు. ఘంటసాల వెంకటేశ్వరరావు, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు ఆ కళాశాలలోనే చదువుకున్నారు.

వాద్యం, వేలి చప్పుడు

వయొలిన్ ఐరోపా వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దీనిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినవారిలో ముఖ్యుడు. పాశ్చాత్య వాదకుడు వాద్యాన్ని గడ్డం కింద అదిమి పట్టుకుంటాడు. కర్ణాటక వాదకుడు నేలపై కూర్చొని, వాద్యం చివరి భాగాన్ని కుడిపాదం మీద ఆనించుకుంటాడు. వాద్యం బరువు ఎడమచేతి మీద పడదు కనుక, వేళ్ళు తీగ పొడవునా స్వేచ్ఛగా జారగలవు. జారు, కంపితం మొదలైన గమకాలు పలకడానికి ఈ స్వేచ్ఛ అవసరం.

అయితే జారే వేలు స్వరంతో పాటు చప్పుడును కూడా పుట్టిస్తుంది. మందమైన మంద్రస్థాయి తీగలకు సన్నని లోహపు తీగ చుట్టి ఉంటుంది. వేలు ఆ చుట్లను ఒకదాని తరువాత ఒకటి దాటుతున్నపుడు ఒరిపిడి వలన కీచుమనే శబ్దం వస్తుంది. వేలి వేగం పెరిగేకొద్దీ ఆ శబ్దపు స్థాయి కూడా పెరుగుతుంది. గిటారు వాయించేవారు చేతిని ఒకచోటు నుండి మరొకచోటికి జరిపేటపుడు వినబడేది కూడా ఇదే. గిటారు వాదకుడు వేలిని పైకెత్తి ఈ చప్పుడును కొంత తప్పించుకోవచ్చు. కర్ణాటక వయొలిన్‌లో ఆ వీలు తక్కువ. రెండు స్వరాల నడుమ ఉండే జారు కూడా రాగంలో భాగమే కనుక వేలు తీగను వదలరాదు. అందువలన వేలి ఒత్తిడిని తేలిక చేయడం, వేలికొనకు కాస్త నూనె రాసుకోవడం, వేలి కదలికకు కమాను వేగాన్ని సరిపోల్చడం వాదకులు అనుసరించే పద్ధతులు.

పక్కవాద్యంగా ఉన్నపుడు ఇటువంటి చిన్న లోపాలు గాయకుని కంఠం చాటున కలిసిపోతాయి. కచేరీ మొత్తం వయొలిన్ మీదనే నడిచేటపుడు వాటికి ఏ చాటూ ఉండదు. 1938లో వేలూరులో నాయుడు చేసిన కచేరీని తొలి వయొలిన్ సోలో కచేరీగా పేర్కొంటారు. అదే సంవత్సరం మద్రాసులో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. గ్రామఫోను రికార్డుల ద్వారా కూడా ఆయన వాదన ఇంటింటికీ చేరింది. మైకు వాద్యానికి దగ్గరగా ఉండి, సభలో వెనుక కూర్చున్న శ్రోతకు వినబడని ఒరిపిడిని కూడా పట్టుకుంటుంది. కనుక నాదశుద్ధి ఆ కాలపు వాదకునికి అలంకారం కాదు, అవసరమైంది.

శైలి

నాయుడి వాదనకు నాదంలోని మార్దవం ప్రధాన లక్షణం. ఆయన పాశ్చాత్య సంగీతాన్ని శ్రద్ధగా విని, అందులోని కమాను విధానాలను కర్ణాటక బాణీకి అన్వయించాడు. పొడవైన కమాను లాగులతో నాదాన్ని తెగకుండా సాగించడం, వేగం కంటే స్వరస్పష్టతకు ప్రాధాన్యమివ్వడం ఆయన ప్రత్యేకతలు. గాత్రంలోని గమకాలను వాద్యం మీద పలికిస్తూనే, అది వాద్యమన్న సంగతిని మరవకుండా దానికి సహజమైన శక్తిని వినియోగించుకున్నాడు. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన వాదన విని ప్రశంసించాడు.

పురస్కారాలు

* 1941 - మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి
* 1953 - సంగీత నాటక అకాడమీ పురస్కారం
* 1957 - పద్మశ్రీ
* ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కళాప్రపూర్ణ

వారసత్వం

నాయుడు 1964 నవంబరు 25న మరణించాడు. కుమార్తె ద్వారం మంగతాయారు, కుమారుడు ద్వారం భావనారాయణరావు సంగీత విద్వాంసులుగా పేరుపొందారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆయన పెరిగిన విశాఖపట్నంలో ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ నగరంలోని ఒక కళాక్షేత్రానికి కూడా ఆయన పేరు పెట్టారు. పక్కవాద్యాలు తోడుగా వయొలిన్ ఒక్కటే రాగం, తానం, పల్లవులను నడిపే కచేరీ నేడు సర్వసాధారణం. ఆ బాట వేసినవారిలో ఆయన ముఖ్యుడు.