సీసాలో విషం ఎప్పుడు చేరింది? హాఫ్‌కిన్‌ను ఐదేళ్లు వెంటాడిన ప్రశ్న

వాట్‌గంజ్ (కోల్‌కతా): కలుషితం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలంటే, అది ఎప్పుడు వచ్చిందో కూడా తేల్చాలి. ఈ రెండో ప్రశ్నను విచారణ సంఘం సరిగా తూచకపోవడంతో ఒక శాస్త్రవేత్త 19 మంది చావుకు కారకుడన్న నిందను ఐదేళ్లు మోశారు. ఆయన పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్. కలరాకు, ప్లేగుకు తొలి టీకాలను భారతీయులకు అందించింది ఆయనే.

చెరువు నీటి నుంచి మొదలు

హాఫ్‌కిన్ 1860లో ఒడెస్సాలో యూదు కుటుంబంలో పుట్టారు. సూక్ష్మజీవుల శాస్త్రంలో మెచ్నికోవ్ ఆయన గురువు. మతం మారి ఉంటే జార్ల రష్యాలో ఉద్యోగానికి దారి దొరికేదే. ఆయన మారలేదు. పారిస్ వెళ్లి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ కలరా టీకా తయారుచేసి, 1892 జులై 18న ముందుగా తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు.

టీకాను జనంలో పరీక్షించాలంటే కలరా ఏటా ఉండే చోటికి వెళ్లాలి. అందుకే 1893లో కలకత్తా వచ్చారు. హుగ్లీ ఒడ్డున ఉన్న వాట్‌గంజ్, కిద్దర్‌పూర్ ఆ నగరపు రేవు పేటలు. వాట్‌గంజ్‌కు ఆ పేరు 18వ శతాబ్దంలో ఇక్కడ ఓడల రేవు కట్టిన హెన్రీ వాట్సన్ వల్ల వచ్చింది. పొట్టకూటికి వచ్చిన వాళ్లతో నగరంలోని బస్తీలు కిక్కిరిసి ఉండేవి. బస్తీ మధ్యలో ఒక చెరువు ఉండేది. స్నానమైనా, బట్టలు ఉతకడమైనా, తాగునీరైనా అదే. 1884లో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని పట్టుకున్నదీ కలకత్తాలోని అలాంటి చెరువు నీటిలోనే.

1894 మార్చిలో నగర హెల్త్ ఆఫీసర్ డబ్ల్యూ.జె. సింప్సన్ హాఫ్‌కిన్‌ను కాఠాల్ బగాన్ అనే బస్తీకి పిలిపించారు. దాదాపు 200 మంది ఉన్న ఆ బస్తీలో 116 మంది టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత అక్కడ కలరా సోకింది టీకా వేయించుకోని వాళ్లకే. ఆ రోజు నుంచి సింప్సన్ ఆయనకు అండగా నిలిచారు.

1896లో బొంబాయిలో ప్లేగు విరుచుకుపడింది. ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను అక్కడికి పంపింది. మూడు నెలల్లోనే టీకా సిద్ధమైంది. 1897 జనవరి 10న దాన్నీ మొదట తన మీదే ప్రయోగించుకున్నారు. కొన్నేళ్లలోనే పరేల్‌లోని ఆయన ప్రయోగశాల నుంచి దేశమంతటికీ టీకా సీసాలు వెళ్లడం మొదలైంది.

53-ఎన్ నంబరు సీసా

1902 అక్టోబర్ 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఐదు సీసాల నుంచి 107 మందికి ప్లేగు టీకా వేశారు. నాలుగు సీసాల నుంచి వేయించుకున్న 88 మందికి ఏమీ కాలేదు. 53-ఎన్ నంబరు సీసా నుంచి వేయించుకున్న 19 మందికీ ధనుర్వాతం వచ్చింది. అందరూ చనిపోయారు.

విచారణ సంఘానికి బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ నాయకత్వం వహించారు. సీసాను ముల్కోవాల్‌లో తెరవకముందే అందులో ధనుర్వాత క్రిమి చేరి ఉంటుందని సంఘం తేల్చింది. అంటే తప్పు పరేల్ ప్రయోగశాలది. హాఫ్‌కిన్ అంతకుముందే తయారీ పద్ధతి మార్చారు. కార్బాలిక్ యాసిడ్ కలపడం మాని, వేడితోనే క్రిములను చంపుతున్నారు. అనుమానం ఆ మార్పు మీదికి మళ్లింది. ఆయనను పదవి నుంచి తప్పించారు. ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయారు.

అయితే ఆ సీసా వయసు చెప్పే ఆధారాలు విచారణ కాగితాల్లోనే ఉన్నాయి. సీసా నింపాక టీకా వేసేనాటికి 41 రోజులు గడిచాయి. గాలి ఆడని సీసాలో, పోషక ద్రవంలో ధనుర్వాత క్రిమి అన్ని రోజులు పెరిగితే దుర్వాసన రాక మానదు. టీకా వేసిన డాక్టర్ ఇలియట్‌కు సీసా తెరిచినప్పుడు వాసన చూసే అలవాటుంది. 53-ఎన్‌లో ఆయనకు ఏ వాసనా తగలలేదు.

రెండో ఆధారం రోగ లక్షణాలు కనిపించడానికి పట్టిన సమయం. వారాల తరబడి పెరిగిన క్రిమి అయితే సీసాలో విషం అప్పటికే పేరుకుని ఉండాలి. అది ఒంట్లోకి వెళితే లక్షణాలు చాలా త్వరగా బయటపడాలి. ముల్కోవాల్ బాధితుల్లో అవి కనిపించడానికి దాదాపు వారం పట్టింది. అప్పుడే చేరిన కొద్దిపాటి క్రిములు శరీరంలో పెరగడానికి పట్టే సమయం అది.

మూడో ఆధారం పట్టకారు. సీసా బిరడా తీసే పట్టకారు నేల మీద పడిందని, దాన్ని కార్బాలిక్ ద్రావణంలో ఒకసారి ఆడించి మళ్లీ వాడారని సాక్ష్యం ఉంది. ధనుర్వాత క్రిమి ఉండేది మట్టిలోనే. దాని బీజాలు మొండివి. అంత కొద్దిసేపు కార్బాలిక్‌లో ముంచితే చావవు.

సికింద్రాబాద్ శాస్త్రవేత్త మద్దతు

1906 చివరలో విచారణ పత్రాలు బయటికొచ్చాయి. సింప్సన్ పోరాడుతూనే ఉన్నారు. ఆయనకు తోడైన వ్యక్తి తెలుగువారికి బాగా తెలిసిన రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆయనే. మరుసటి ఏడాది ఆ పరిశోధనను వాట్‌గంజ్‌కు కొద్ది దూరంలో ఉన్న ప్రెసిడెన్సీ జనరల్ ఆస్పత్రి ఆవరణలో పూర్తి చేశారు. 1907 జులైలో రాస్‌తో పాటు మరికొందరు ప్రముఖ శాస్త్రవేత్తలు లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాశారు. హాఫ్‌కిన్‌పై ఆరోపణ తప్పని రుజువైందన్నది దాని సారాంశం. ఆ ఏడాది చివరికి ప్రభుత్వం ఆయనకు మళ్లీ ఉద్యోగం ఇచ్చింది.

ఇచ్చింది పరేల్‌లో కాదు. కలకత్తా ప్రయోగశాలలో, టీకాలు తయారుచేసే వీలు లేని చోట. కొన్నేళ్లకు ఆయన యూరప్ వెళ్లిపోయారు. 1925లో పరేల్ ప్రయోగశాలకు హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. 1930లో ఆయన లాసాన్‌లో కన్నుమూశారు.

ఏలూరు దాకా అదే ప్రశ్న

2020 డిసెంబర్‌లో ఏలూరులో 500 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. వేరే సంస్థలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. అక్కడా తేలాల్సింది ఏముందన్నది ఒక్కటే కాదు, ఎప్పటి నుంచి ఉందన్నది కూడా. రక్తంలోని సీసం ఎక్కువగా ఇటీవలి వారాల సంగతి చెబుతుంది. ఎముకల్లో పేరుకున్నది ఏళ్ల నాటి సంగతి చెబుతుంది. ఒక్క నమూనాలో సీసం కనిపించగానే అదే కారణమనడం, సీసా మీద పరేల్ చీటీ కనిపించగానే తప్పు పరేల్‌దే అనడం లాంటిది.

ముల్కోవాల్‌లో వాసన చూసిన డాక్టర్ ఉన్నారు, పట్టకారు సంగతి చెప్పిన సాక్షి ఉన్నారు. ఆ రెండు మాటలూ మొదటి నుంచీ కాగితం మీద ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదవడానికి మాత్రం ఐదేళ్లు పట్టింది.